రోజెన్ భుజం మీద స్టెప్నీ

రోజెన్ కెర్వెలా ఒక మనిషిని ఎత్తి విసిరితే, వాడు కొంకార్నో కోటగోడను చీల్చుకుని దూసుకుపోయి, అవతల రేవులో లంగరేసి ఉన్న పడవలో వెల్లకిలా పడ్డాడు. మామూలు గోడ కాదు. వందల ఏళ్ళపాటు ఫిరంగి గుండ్లను బఠాణీ గింజల్లా రాల్చుకున్న గోడ. ఆ కన్నం ఇప్పటికీ ఉంది. ఊరివాళ్ళు సిగ్గుపడి దానికి చట్రం బిగించి, అది మొదటినుంచీ కిటికీయే అని చెప్పుకుంటున్నారు. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. కిటికీ ఉంది.

బ్రెటన్ తీరాన, రోజెన్ ఊరైన దువార్నెనే రేవులో ఈ కథ తెలియని సముద్రకాకి కూడా లేదు. రోజెన్ గురించి చెప్పుకునే తక్కిన సంగతులు ఇంతకన్నా చిన్నవి. అందుకే జనం వాటిని అంతగా నమ్మరు.

రోజెన్ తండ్రి ఆరు రోజులు సముద్రం మీద, ఏడో రోజు కుస్తీ బరిలో ఉండే మనిషి. బ్రెటన్ కుస్తీలో గెలిచినవాడికి పొట్టేలు బహుమానం. ఆయన జీవితంలో పదకొండు పొట్టేళ్ళు గెలిచాడు. పన్నెండోది ఆయన్ను చూసి తనంతట తానే భుజమెక్కి కూర్చుందని అంటారు. ఇంటివెనక పడవల కొట్లో రంపపు పొట్టు పరిచి, కూతుర్నీ, ఆమెకన్నా రెండేళ్ళు చిన్నవాడైన కొడుకు ఎఫ్లామ్‌నీ ఒకరిమీదికి ఒకర్ని ఉసిగొల్పేవాడు. ఎవరు ఏడిస్తే వాళ్ళకు ఆ పూట వెన్న లేని రొట్టె. రోజెన్‌కు పద్నాలుగేళ్ళు వచ్చేదాకా వెన్నకు లోటు రాలేదు. ఎఫ్లామ్ మాత్రం సన్నగా పెరిగాడు.

ఆ రోజుల్లో ఆడపిల్లలు బరిలో దిగకూడదు. బరి బయట కొట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజెన్ సార్డీను చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరిన రెండో నెలలోనే, పక్కన పనిచేసే క్లెర్వి నడుం గిల్లిన మేస్త్రీ చెయ్యి చెక్కబల్ల మీదనే ఉండిపోయింది. చేప తలలు తీసే కత్తి అతని చొక్కా చేతినీ, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనున్న తోలునూ కలిపి బల్లకు కుట్టేసింది. అతను పదకొండు నిమిషాలు అరిచాడట. నలభైమంది ఆడవాళ్ళలో ఒక్కరూ తల ఎత్తలేదు. చేప ఆగదు కదా, పని ఎలా ఆపుతారు? ఆ రోజు నుంచి క్లెర్వికి రోజెన్ అంటే ప్రాణం. ఆ ప్రేమను తిట్ల రూపంలో తప్ప ఇంకో రకంగా ఎప్పుడూ బయటపెట్టలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పుకోవాలి, కథకు ఇది అవసరం. రోజెన్‌కు డ్రైవింగ్ లైసెన్స్ లేదు. పరీక్షకు వెళ్ళిన రోజున పక్కన కూర్చున్న అధికారి భయపడి స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆమె అతని ముక్కు పట్టుకుంది. ఆ తరవాత ఆ ఆఫీసు మెట్లెక్కనివ్వలేదు.

తండ్రి పోయింది 1974లో. పాతిపెట్టి వచ్చి అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆయన కుస్తీ చొక్కా మేకుకు వేలాడుతోంది. ముతక నారబట్ట, పదకొండు పొట్టేళ్ళ వాసన. ఎఫ్లామ్ లేచి దాన్ని తీసుకున్నాడు. "బరిలో దిగేవాణ్ణి నేను, నాకు," అన్నాడు. "నిన్ను దింపినదాన్ని నేను, నాకు," అంది రోజెన్. చొక్కా చేతులు చెరొకటీ పట్టుకుని లాగారు. ముప్ఫైమంది మగాళ్ళు లాగినా చిరగని బట్ట, ఈ అక్కాతమ్ముళ్ళు లాగితే మెడ నుంచి అంచు దాకా చర్రుమని రెండైంది. ఆ చప్పుడుకు రోజెన్ కళ్ళలో నెత్తురు దిగింది. తమ్ముణ్ణి నడుం దగ్గర అందుకుని, భోజనాల బల్ల మీంచి అవతలికి విసిరింది. సూపు గిన్నెలు గాల్లోకి లేచాయి. ఎఫ్లామ్ కుడి కంటె ఎముక ఎండుకట్టె విరిగినట్టు టప్పుమంది.

ఎఫ్లామ్ ఏడవలేదు. లేచి, తన సగం చొక్కాను ఎడమచేత్తో పట్టుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఉత్తర తీరాన పేంపోల్‌లో స్థిరపడ్డాడు. ఎముక వంకరగా అతుక్కుంది, మళ్ళీ కుస్తీ పట్టలేకపోయాడు. రెఫరీ అయ్యాడు. ఇరవై రెండేళ్ళు అక్కాతమ్ముళ్ళ మధ్య మాట లేదు, ఉత్తరం లేదు.

1996 జూలైలో, ఒక సోమవారం, ఒక కార్డు వచ్చింది.

"రోజెన్, ఈ ఆదివారం పేంపోల్ పోటీలు. రెఫరీగా నాకు ఇదే ఆఖరు. నాన్న చొక్కా సగం నా దగ్గర ఉంది. నీ సగం పారేసి ఉంటే రావద్దు. ఎఫ్లామ్."

రోజెన్ కార్డును మూడుసార్లు చదివి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. బీరువా తీసి చూసింది. ఎడమ సగం అక్కడే ఉంది, ఉన్నదని ఆమెకు తెలుసు. ఆదివారం పేంపోల్ చేరాలంటే రెండు బస్సులు, ఒక రైలు మారాలి. శని, ఆదివారాలు ఆ బస్సులు నడవవు. మిగిలింది గుల్వెన్ వ్యాన్ ఒక్కటే.

ప్రతి ఏడూ జూలైలో పాత కుస్తీ బృందం రెండు రోజుల యాత్రకు వెళ్ళేది. తీరం పొడుగునా పాత ఓడరేవులు, కోటలు, దొంగ ఓడల నాయకులు కట్టించుకున్న ఇళ్ళు చూడటం, దారిలో కనిపించిన ప్రతి వంటశాలలోనూ తినడం, తిన్నచోట ఎవరితోనైనా కలబడటం. ఆ ఏడు బృందంలో మిగిలింది నలుగురే. వ్యాన్ యజమాని గుల్వెన్, నూటపది కిలోల మనిషి, ఒకప్పుడు ఎఫ్లామ్‌కు ప్రాణస్నేహితుడు. అందరికీ కుస్తీ నేర్పిన ముసలి జకెజ్, ఎనభై మూడేళ్ళవాడు, చేతిలో ఎప్పుడూ కర్ర. క్లెర్వి. రోజెన్. బుధవారం మధ్యాహ్నం లొమిగ్ బారులో పొడుగు బల్ల చుట్టూ కూర్చుని దారి నిర్ణయించుకోవడం ఆనవాయితీ.

"ఈసారి దక్షిణం," అన్నాడు గుల్వెన్, మ్యాప్ పరుస్తూ. "శనివారం కొంకార్నో, కోట చూసి భోజనం. రాత్రికి పోర్-లూయి. ఆదివారం మెల్లగా వెనక్కి. అయిపోయింది. లొమిగ్, సైడర్ పొయ్యరా."

"పోయినేడూ కొంకార్నోయే కదరా," అంది క్లెర్వి. "ఆ కోటలో రాళ్ళు నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాయి."

"ఉత్తరం," అంది రోజెన్. "శనివారం రోస్కోఫ్, రాత్రికి ట్రెగ్యే. ఆదివారం మధ్యాహ్నం పేంపోల్."

ఆపిల్ సైడర్ పోస్తున్న లొమిగ్ చెయ్యి ఆగిపోయింది.

గుల్వెన్ పై పెదవి ఎత్తి చూపించాడు. ముందు రెండు పళ్ళ చోట సందు. "ఇది కనిపిస్తోందా? ఆ రెండూ పేంపోల్ రేవు రాళ్ళ మధ్యలో ఉన్నాయి. ఏరుకొస్తావా?"

"ఏరుకొస్తా. సుత్తితో కొట్టి బిగిస్తా కూడా."

ఆ పళ్ళ కథ ఇది. పదకొండేళ్ళ క్రితం యాత్ర పేంపోల్ మీదుగా వెళ్ళింది. పోటీల్లో గుల్వెన్ ఆఖరి కుస్తీ దాకా వచ్చాడు. బ్రెటన్ కుస్తీలో గెలవాలంటే ఎదుటివాడి రెండు భుజాలూ ఒకేసారి నేలకు తగలాలి, వాటికన్నా ముందు ఒంట్లో ఇంకేదీ తగలకూడదు. దాన్నే లామ్ అంటారు. ఒక్క భుజం తగిలితే అది లెక్కలోకి రాదు, లేచి మళ్ళీ పట్టాలి. ఆ రోజు గుల్వెన్ పడ్డాడు. రెఫరీ ఎఫ్లామ్ చెయ్యి ఎత్తి "లామ్" అన్నాడు. గుల్వెన్ ఒక్క భుజమేనన్నాడు. పాత స్నేహితుడి పొట్టేలును కావాలని పక్కవాడికి కట్టబెట్టావన్నాడు. తరవాత బెంచీలు లేచాయి, సీసాలు లేచాయి, రెండు ఊళ్ళ మగాళ్ళు రేవు మీద ఒకళ్ళనొకళ్ళు నీళ్ళలోకి తోసుకున్నారు, గుల్వెన్ ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఆ గొడవలో చెయ్యి ఎత్తనిది రోజెన్ ఒక్కతే. ఎందుకో ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి బృందానికి ఒకటే కట్టుబాటు. ఎక్కడికైనా సరే, పేంపోల్‌కు వద్దు.

"ఎందుకే ఇప్పుడు పేంపోల్?" అంది క్లెర్వి.

"ఉల్లిపాయలు కొనాలి."

"ఉల్లిపాయలు రోస్కోఫ్‌లోగా దొరికేది."

"పేంపోల్‌లో ఇంకా ఘాటు."

"నీకన్నానా?"

"మాటలొద్దు," అన్నాడు గుల్వెన్. "వ్యాన్ నాది. పెట్రోలు నాది. దారి దక్షిణం." మ్యాప్ మీద అరచెయ్యి పెట్టి తనవైపు లాక్కోబోయాడు. రోజెన్ చేతిలో సార్డీను తినే ముల్లు చెంచా ఉంది. అది దిగిన చప్పుడు వినిపించిందే తప్ప దిగడం ఎవరూ చూడలేదు. గుల్వెన్ మధ్యవేలికీ ఉంగరం వేలికీ నడుమ, సరిగ్గా పేంపోల్ మీద, నిటారుగా నిలబడి ఊగుతోంది.

గుల్వెన్ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఐదూ ఉన్నాయి. రెండో చేత్తో సీసా మెడ పట్టుకుని బల్ల అంచుకేసి కొట్టాడు. సైడర్ క్లెర్వి ఒళ్ళో పడింది. పగిలిన సీసా రోజెన్ గొంతుకు జానెడు దూరంలో ఆగింది.

"నా కొత్త స్కర్టు రా, దున్నపోతా!" అని క్లెర్వి చేతిలోని రొట్టెతో అతని చెవిమీద ఒక్కటిచ్చింది. రెండు రోజుల నాటి రొట్టె. చెవి చితికింది.

జకెజ్ కర్రతో నేలమీద కొట్టాడు. "సీసాలతో, ముళ్ళతో కొట్టుకోవడం తాగుబోతుల పని. మీకు నేర్పింది అదేనా? స్టెప్నీ ఎక్కడ?"

ఆ మాటతో గుల్వెన్ సీసా కింద పెట్టాడు. ఈ బృందం ఆచారం అది. బరిలో పాతకాలపు పద్ధతి ఒకటుంది. పొట్టేలు నాదే అనుకున్న మల్లుడు దాన్ని భుజాలకెత్తుకుని బరి చుట్టూ నడుస్తాడు. కాదన్నవాడు వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యాలి. వేశాడా, ఇద్దరూ కుస్తీ పట్టాలి. ఎవరూ వెయ్యకపోతే పొట్టేలు నడిచినవాడిది. వీళ్ళకు పొట్టేలు లేదు, వ్యాన్ స్టెప్నీ ఉంది. ఎవరి దారి కావాలంటే వాళ్ళు దాన్ని మోసుకుని బల్ల చుట్టూ మూడు చుట్లు తిరగాలి.

రోజెన్ బయటికి వెళ్ళి, వ్యాన్ వెనక తలుపు తీసి, స్టెప్నీని మెడమీదికి ఎత్తుకుని వచ్చింది. ఏభై రెండేళ్ళ మనిషి. గుమ్మం దాటేటప్పుడు మాత్రం పక్కకు తిరగాల్సి వచ్చింది, చక్రానికి కాదు, భుజాలకు.

మొదటి చుట్టు. గుల్వెన్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతని లెక్క అందరికీ తెలుసు. మూడో చుట్టు ఆఖరి అడుగులో, ఆమె అలిసిపోయాక, చెయ్యి వేస్తాడు.

"నడు, నడు," అన్నాడు. "పోర్-లూయిలో నీకు మంచం నేనే వేయిస్తాలే."

"పేంపోల్‌లో నీకు కట్టుడు పళ్ళు నేను చేయిస్తా."

రెండో చుట్టు. రోజెన్ మెడ మీద నరం తాడులా లేచింది. ఏప్రన్ జేబులో కార్డు కదులుతోంది. నలుగురి ముందు దాన్ని తీసి బల్లమీద పెడితే పోయేది. నా తమ్ముడు పిలిచాడు, నన్ను తీసుకెళ్ళండి అంటే, క్లెర్వి అయినా లేచి ఆ గుల్వెన్ నెత్తిన మొట్టి బయల్దేరదీసేది. కానీ రోజెన్ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగలేదు. కొట్టి తీసుకోవడం వచ్చు, అడగడం రాదు.

మూడో చుట్టు సగంలో ఉంది. వంటగది తలుపు తెరుచుకుంది. లొమిగ్ కాలుతున్న సార్డీన్ల పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. ఏభై ఐదు కిలోల మనిషి, ముప్ఫై ఏళ్ళుగా బారు నడుపుతున్నవాడు, దారికడ్డంగా ఎవరున్నా ఒకటే అలవాటు.

"జరుగమ్మా, కాలుతోంది," అని రెండో చెయ్యి రోజెన్ భుజం మీద వేశాడు.

క్లెర్వి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"చెయ్యి పడింది," అన్నాడు జకెజ్.

"ఏం చెయ్యి?" లొమిగ్ తన చేతిని చూసుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు. "తాతా, నేను దారి అడిగా! అంతే! పళ్ళెం కాలుతోంది!"

"బరిలో దారి అడగరు. పళ్ళెం కింద పెట్టు."

"తాతా, నాకు పెళ్ళాం ఉంది."

"ఉంటే ఏం? ఆమె మీద వెయ్యాల్సింది చెయ్యి."

తప్పదు. ఎదురెదురుగా నిలబడ్డారు. మోసం చెయ్యం, మొరటుతనం చూపం అని ప్రమాణం చెప్పుకున్నారు. మూడుసార్లు కౌగిలించుకున్నారు. మూడో కౌగిలింత నుంచి లొమిగ్ బయటికి రాలేదు. మునిగిపోయేవాడు తెడ్డును పట్టుకున్నట్టు ఆమె మెడను పట్టుకుని వేలాడాడు.

"వదులు, మెల్లగా పడుకోబెడతా," అంది రోజెన్ చెవిలో.

"నిజంగానా?"

"నిజంగా."

మెల్లగానే వంచింది. నేల దగ్గరపడేసరికి లొమిగ్‌కు భయం ముంచుకొచ్చింది. కాళ్ళు తన్నాడు. చెక్క బూటు మడమ ఆమె ముంగాలి ఎముక మీద పడింది, తల పైకి విదిలిస్తే ఆమె ముక్కుదూలం మీద పడింది. నెత్తురు ఇద్దరి మీదా చిమ్మింది. దాంతో రోజెన్ చేసిన ప్రమాణాలన్నీ గాలికి పోయాయి. నడుం పట్టుకుని గిర్రున తిప్పి వదిలింది. లొమిగ్ రెండు బెంచీలు దాటి, నత్తగుల్లల తొట్టి దాటి, గోడవార రెండు భుజాలమీదా అచ్చుగుద్దినట్టు దిగాడు. మణికట్టు బెణికింది. ఆ తొట్టి ఎలా కదిలిందో ఏమో, దాన్లోని గుల్లలన్నీ అతని పొట్టమీదికి వచ్చి చేరాయి.

"లామ్," అన్నాడు జకెజ్. "ఇంత శుభ్రమైన లామ్ నేను చూసి ఇరవై ఏళ్ళయింది. లొమిగ్, నీలో పనితనం ఉందిరా."

కానీ ఆ పెనుగులాటలో ఏప్రన్ జేబు చిరిగింది. కార్డు జారి గుల్వెన్ కుర్చీ కింద పడింది. రోజెన్ ముక్కు తుడుచుకుని తల ఎత్తేసరికి అది అతని చేతిలో ఉంది. పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. ఆఖరున ఉన్న పేరు దగ్గరికి వచ్చేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అదా సంగతి," అన్నాడు. "ఉల్లిపాయలా! ఆ దొంగ రెఫరీ కోసమా మమ్మల్ని ఈడుస్తున్నావు? నా పొట్టేలు తిన్న ఎదవ కోసమా?"

"కార్డు ఇలా ఇయ్యి."

"వాడు నా మొహం చూసి, నా కళ్ళలో చూసి, అబద్ధపు లామ్ చెప్పాడే! ఒక్క భుజం! ఒక్కటే తగిలింది!"

"రెండూ తగిలాయి," అంది రోజెన్.

గుల్వెన్ కార్డును బల్లమీద పెట్టాడు.

"ఏమన్నావ్?"

"నేను తాడు పక్కనే ఉన్నా. రెండు భుజాలూ ఒకేసారి తగిలాయి. ఎఫ్లామ్ చెప్పింది నిజం."

గుల్వెన్ పిడికిలి రావడం ఆమె చూసింది. తప్పుకోలేదు. ఎడమ కన్ను కింద పడింది. వెనక్కి రెండడుగులు వేసి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. దవడ ఒకసారి అటూ ఇటూ కదిపి, తన పిడికిలిని అతని డొక్కలో దించింది. ఇద్దరూ మెడలు పట్టుకుని బల్లకేసి ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటుంటే గ్లాసులు ఒక్కొక్కటే కిందికి నడిచాయి. క్లెర్వి గుల్వెన్ జుట్టు పట్టుకుని లాగింది. చేతికి జుట్టు వచ్చింది, గుల్వెన్ రాలేదు.

జకెజ్ లేచి నిలబడ్డాడు. కర్ర ఎత్తి మొదట గుల్వెన్ వీపు మీద, తరవాత రోజెన్ వీపు మీద, పక్షపాతం లేకుండా ఒక్కొక్కటి వేశాడు. "ప్రమాణం చెయ్యండి, కుక్కల్లారా. చంపుకోవాలంటే పద్ధతిగా చంపుకోండి."

ప్రమాణం చేశారు. నెత్తురు కారుతున్న చెంపలు ఆనించి మూడుసార్లు కౌగిలించుకున్నారు.

మొదటి పట్టులో గుల్వెన్ ఆమెను నేల నుంచి పూర్తిగా లేపి పక్కకు విసిరాడు. డొక్కలో ఏదో విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పక్క తగిలింది, భుజాలు తగల్లేదు. "లెక్కలోకి రాదు," అన్నాడు జకెజ్. రోజెన్ లేచింది. ఊపిరి పీలిస్తే లోపల ముల్లు గుచ్చుకుంటోంది.

రెండో పట్టులో అతని చంకలో ఆమె తల ఇరుక్కుంది. నూటపది కిలోల బరువు మెడ మీద ఆనించి నొక్కాడు. రోజెన్ కళ్ళకు నేల నల్లగా, చిన్నగా కనిపించింది. అప్పుడు అతని గొంతు ఆమెకు మాత్రమే వినిపించేంత మెల్లగా వచ్చింది.

"పదకొండేళ్ళు. ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు ఏడుస్తావని."

పట్టు ఒక్క క్షణం సడలింది. అంత చాలు. రోజెన్ తల లాక్కుని, అతని చొక్కాను రెండు చేతులా గుప్పిటపట్టి, కుడికాలిని అతని ఎడమ మోకాలి లోపలివైపు మెలేసింది. పడవల కొట్లో, రంపపు పొట్టు మీద, తండ్రి నేర్పిన మెలిక. ఎఫ్లామ్ దాన్ని వందసార్లు తిన్నాడు. గుల్వెన్ ఒంటికాలి మీద వెనక్కి గెంతాడు, ఇంకోసారి గెంతాడు. మూడో గెంతుకు వెనక మరుగుదొడ్డి తలుపు ఉంది. ఇద్దరూ కలిసి దాని మీద పడ్డారు. తలుపు చట్రంతో సహా లోపలికి పోయింది, దాని వెంట వాళ్ళిద్దరూ పోయారు. పింగాణీ పగిలిన చప్పుడు, నీళ్ళు చిమ్మిన చప్పుడు, ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

లోపల చీకటి. పడిన తలుపు దారికడ్డంగా ఉంది. జకెజ్ కర్రతో తడిమాడు.

"ఏమైంది? ఎవరు కింద?"

"కనిపించలేదు తాతా," అంది క్లెర్వి.

"నాకూ కనిపించలేదు. చూడనిది లెక్కలోకి రాదు. లేచి రండి, మళ్ళీ మొదలు."

రోజెన్ గుల్వెన్ ఛాతీ మీద ఉంది. ఇంకో పట్టు పట్టే ఓపిక ఆమెకు లేదు. డొక్క మండుతోంది. అతనికీ ఆ సంగతి తెలుసు. గుల్వెన్ ఊరికే నోరు మూసుకుని లేచి వస్తే చాలు, శనివారం కొంకార్నో.

గుల్వెన్ తల పక్కకు తిప్పి, నోట్లోకి వచ్చిన నీళ్ళు ఉమ్మాడు.

"రెండూ తగిలాయి," అన్నాడు గుల్వెన్.

"గట్టిగా చెప్పు!" అన్నాడు జకెజ్.

"రెండు భుజాలూ! తగిలాయి! చెవుడా ముసలోడా?" అని, కాసేపాగి, గొంతు తగ్గించి, ఆమెకే చెప్పాడు. "అప్పుడు కూడా."

బయటికి వచ్చాక జకెజ్ దయ చూపలేదు. లొమిగ్ చెయ్యి పడటంతో పాత చుట్లు పోయాయి, మొదటి నుంచి నడవాలన్నాడు. విరిగిన డొక్కతో, మూసుకుపోయిన కన్నుతో రోజెన్ స్టెప్నీ ఎత్తుకుంది. మొదటి చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టు ఆఖరి అడుగు దగ్గర ఆమె తూలింది. గుల్వెన్ కంగారుగా లేచి, పడిపోకుండా పట్టుకుందామని చెయ్యి చాపాడు.

"ఒరేయ్!" అని క్లెర్వి, లొమిగ్, జకెజ్ ఒక్కగొంతుతో అరిచారు.

చెయ్యి ఆమె భుజానికి రెండంగుళాల దూరంలో ఆగింది. గుల్వెన్ దాన్ని జాగ్రత్తగా వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాడు. రోజెన్ అడుగు వేసింది. స్టెప్నీ నేలమీద పడి దొర్లుకుంటూ వంటగదిలోకి పోయింది.

ముల్లు చెంచా ఇంకా మ్యాప్‌లో నిలబడే ఉంది. దాన్ని పీకి, పెన్సిల్ తీసుకుని క్లెర్వి దారి గీసింది. శనివారం ఉదయం ఎనిమిదికి బయల్దేరడం. రోస్కోఫ్‌లో భోజనం, ఉల్లిపాయలు. రాత్రికి ట్రెగ్యే. ఆదివారం రెండు గంటలకు పేంపోల్.

"నేను వాడితో మాట్లాడను," అన్నాడు గుల్వెన్, ఆపిల్ సారాతో నోరు పుక్కిలిస్తూ. "వ్యాన్‌లోనే కూర్చుంటా."

"నిన్నెవడు మాట్లాడమన్నాడు?" అంది క్లెర్వి. "నీ పళ్ళు వెతుక్కో."

మణికట్టుకు గుడ్డ కట్టుకున్న లొమిగ్ ఆ సాయంత్రమే చేపల లారీవాళ్ళకు కథ చెప్పాడు. ఆ కథలో తలుపు ఉంది. గురువారానికి తలుపు పోయి బారు గోడ వచ్చింది. శుక్రవారానికి బారు గోడ కోటగోడైంది. వెళ్ళకుండా ఆగిపోయిన ఊరు కొంకార్నో కాబట్టి కోట కూడా అక్కడిదే అయింది. శనివారం రోస్కోఫ్‌లో ఉల్లిపాయల జడలు అమ్మే ముసలామె, ఎవరికి చెబుతున్నదో తెలియక, ఆ కథను రోజెన్‌కే చెప్పింది. అందులో పడవ కూడా ఉంది.

ఆదివారం పేంపోల్ రేవు మీద పొట్టు పరిచిన బరి. జనం. మొదటి కుస్తీకి ఇంకా అరగంట ఉంది. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న రెఫరీ తాడు పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి ఉంది. రోజెన్ అతని ముందుకు వచ్చి ఆగింది. డొక్క చుట్టూ కట్టు, కన్ను ఊదారంగు, చేతిలో ప్లాస్టిక్ సంచి. వ్యాన్‌లో కూర్చుంటానన్న గుల్వెన్ ఆమె వెనకే, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ఎఫ్లామ్ అక్క కన్ను చూశాడు. గుల్వెన్ చితికిన చెవిని చూశాడు. ఇరవై రెండేళ్ళు దాచుకున్న మాటలేవో ఉండే ఉంటాయి. చివరికి బయటికి వచ్చింది వేరే మాట.

"ఇతన్ని కొంకార్నో కోటగోడలోంచి విసిరేశావటగా?"

రోజెన్ సంచిలోంచి సగం చొక్కా తీసి అతని చేతిలో పెట్టింది.

"గోడ కాదు. లొమిగ్ బారులో మరుగుదొడ్డి తలుపు. గొళ్ళెం ముందే ఊడిపోయి ఉంది."